తానుగా మొలచిన మొక్క ఎవరిది?

కాయకముచేత ఆర్జించినదే శుద్ధమైన ఆహారమని మన పెద్దలు బోధించిరి. చెమటోడ్చి సంపాదించినది ఇష్టలింగమునకు అర్పితమై ప్రసాదమగును. శ్రమ లేక చేతికి వచ్చినది అర్పణకు తగదు. ఈ మాటను చిన్ననాటినుండి వినుచున్నాము, మన పిల్లలకు చెప్పుచున్నాము. అయినను ఈ సూత్రమునకు ఎదురుగా ఒక చిన్న ప్రశ్న ప్రతి సంవత్సరమును మన పెరటిలోనే మొలకెత్తుచున్నది. ఎవరును దున్నక, విత్తక, తనంత తానుగా మొలచిన కూరమొక్క ఎవరిది? దానిని పెరికివేయవలెనా, చలికాలమంతయు ఎదుగనీయవలెనా? ఎదుగనిచ్చినచో దాని కాయ ఎవరి కాయకమునకు ఫలము?

ఇది అల్పమైన ప్రశ్న యని తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచెను. కాని గడచిన చలికాలమున ఈ చిన్న ప్రశ్నయే నాలోని ఒక లోపమును నాకు చూపినది. అందుచేత ఆ వృత్తాంతమును దాచక ఇచట వ్రాయుచున్నాను.

మా నివాసము జహీరాబాదు ప్రాంతము. వానలు వెనుదీసి కార్తీకము ప్రవేశించిన పిదప పెరటిని శుభ్రపరచి మెంతి, కొత్తిమీర, పాలకూర చల్లుట మా యింటి వాడుక. ఆ ఉదయమున చిన్నపార చేతబట్టి పెరటిలోనికి వెళ్ళితిని. గిన్నెలు తోమే బండనుండి నీరు పారెడి కాలువ ప్రక్కన టమాట మొలకలు గుంపుగా లేచియున్నవి. వాటి నడుమ తోటకూర, రెండు సొరతీగలు, గోడవార ఒక బచ్చలి. ఇవి యేవియు నేను నాటినవి కావు. నా మడులకు అడ్డముగా ఉన్నవని తలచి పార ఎత్తితిని. అప్పుడు మా యింట గిన్నెలు తోమెడి తల్లి బండ దగ్గరనుండి తల యెత్తి, “అవి పీకకుండ్రి అయ్యగారూ! నీళ్ళు ఈ బండ కాడివే పోతయి గద, మీకు పనేముంది? ఉండనియ్యుండ్రి” అన్నది.

ఆ మాటను కాదనుటకు మొగమాటపడి పార దించితిని. దయచేత దించితినని చెప్పుకొనలేను.

తరువాత ఆ మొలకలను దినదినమును చూచుట అలవాటయ్యెను. అవి ఎట్లు వచ్చినవని ఆలోచించితిని. టమాటపండులో గింజ చుట్టును జిగురువంటి పొర యుండును. పండులోపల నున్నంతకాలము గింజను మొలవనీయక ఆపునది ఆ పొరయే. పండు క్రుళ్ళి, జిగురు కరగి, గింజ తడినేల సోకినప్పుడు మొలక వెడలును. మా వంటింట తరిగి పారవేసిన పండ్లు, తిన్న పళ్ళెములలో మిగిలిన గింజలు కడిగిన నీటితోపాటు కాలువకు చేరినవి. తోటకూర గింజ ఆవగింజ కంటెను చిన్నది. ఒక్క మొక్క వేలకొలది గింజలను రాల్చును. అవి నేలలో ఏండ్ల తరబడి నిద్రించి, మట్టి కదలి వెలుతురు సోకిన దినమున లేచును. సొరగింజ పెంటతో వచ్చియుండును. బచ్చలిపండును ఏ పక్షియో తిని గోడమీద వాలియుండును.

విత్తకయే మొలచిన దానికి సంస్కృతమున ‘అకృష్టపచ్యము’ అని పేరు. దున్నని నేలలో పండినదని అర్థము. మునుల ఆహారముగా చెప్పబడిన నివ్వరిధాన్యము అట్టిదే. కాని మా కాలువయొడ్డున నిలిచి చూచినప్పుడు ‘తానుగా మొలచినది’ అను మాట పూర్తిగా నిజము కాదని నాకు తెలిసెను. ఆ మొక్క వెనుక ఎవరో తరిగిరి, ఎవరో తినిరి, ఎవరో కడిగిరి. ఆ కడిగిన నీరే దానికి నిత్యము పోసిన నీరు. శ్రమ లేదనుకొన్నచోట శ్రమ ఉన్నది. అది నా లెక్కలోనికి రాలేదు, అంతే. మనము ‘ఉచితముగా వచ్చినది’ అని చెప్పు వస్తువులలో అనేకము ఇట్టివే. ఇతరుల చేతిపని మన కంటికి కానరానప్పుడు దానికి మనము దైవానుగ్రహమని గాని అదృష్టమని గాని పేరు పెట్టి, తరువాత నిశ్చింతగా మనదిగా చేసికొందుము.

ఇక ఈ మొక్కలను ఏమి చేయవలెనను విషయమున రెండు అభిప్రాయములు వినవచ్చును. రెంటిని విచారింతము.

మొదటిది: “తోట యనునది కాయకము. నాటిన దానిని కాపాడి, నాటని దానిని తీసివేయుటయే తోటపని. కలుపును ఉండనిచ్చువాడు సోమరి” అని. ఇందు సత్యము లేకపోలేదు. కాని ‘కలుపు’ అనునది మొక్కకు పుట్టుకతో వచ్చిన పేరు కాదు. మన అక్కర పెట్టిన పేరు. ఇదే జహీరాబాదు ప్రాంతమున చేలలో విత్తక మొలచు కూరలను ఏరి వండుకొనుట పేద స్త్రీలు తరతరములుగా ఎరిగిన విద్య. గునుగు, తుమ్మి, దొగ్గలి, పొన్నగంటి, గంగపావిలి వారికి కలుపు కాదు, ఆ పూటకు కూర. 1983లో ఈ ప్రాంతమున పని ప్రారంభించిన దక్కను డెవలప్‌మెంటు సొసైటీలోని గ్రామీణ స్త్రీలు ఈ సాగుచేయని కూరల విలువను లోకమునకు చాటిచెప్పిరి. చేనిలో కలుపుమందు చల్లినప్పుడు గడ్డితోపాటు ఈ కూరయు చచ్చును. చేను గలవానికి అది తెలియదు. కూర ఏరుకొనెడి ఆమెకు తెలియును. మరియొక సంగతి. శివునికి ప్రీతియని లోకము చెప్పు తుమ్మి, జిల్లేడు, ఉమ్మెత్త పూలను ఎవరు నాటి పెంచుచున్నారు? దిబ్బలమీదను దారులవెంటను తమంత మొలచినవే అవి. నాటనిది నీచమను మాట శివభక్తుల నోట శోభింపదు.

రెండవ అభిప్రాయము దీనికి విరుద్ధము: “మొలిపించినవాడు శివుడు, పెరుకుటకు మన మెవరము? అన్నిటిని ఉండనీయవలెను” అని. ఇది వినుటకు దయగా నుండును. కాని వివేకము లేని దయ పొరుగువానికి కీడగును. టమాటకు ఆకుముడత తెగులు సోకినచో తెల్లదోమ దానిని ఒక మొక్కనుండి మరియొక మొక్కకు మోసికొనిపోవును. నా పెరటిలో జాలిచే వదలిన రోగపు మొక్క, ప్రక్కచేనిలో అప్పు తెచ్చి నాటిన రైతు పంటకు తెగులు పుట్టిల్లగును. ప్రత్తిని డిసెంబరుతో ముగించి కట్టెను తీసివేయుడని వ్యవసాయశాఖవారు చెప్పుటకును కారణ మిట్టిదే. మిగిలియున్న నాలుగు కాయలకొరకు చేనిని ఇంకను సాగదీసినచో గులాబిరంగు పురుగు అందు తలదాచుకొని మరుసటి పంటమీద పడును. అంతేకాదు. ‘విత్తొకటి వేయగా చెట్టొకటి మొలచునా’ అని మన సామెత. కాని నేటి సంకరజాతి పండ్ల గింజనుండి తల్లిని పోలని బిడ్డలు మొలచుట మనము కన్నులార చూచుచున్నాము. అందు కొన్ని మేలైనవి, కొన్ని కొరగానివి. తానుగా మొలచిన సొరతీగ కాయ ఒక్కొక్కప్పుడు కటికచేదుగా నుండును. ఆ చేదు విషము, వండినను పోదు. నాలుకకొనకు చేదు తగిలిన సొరకాయను ఉమిసి పారవేయవలెనే గాని ‘శివుడిచ్చినది’ అని తినరాదు. మా రెండు తీగలలో ఒకటి అట్టి కాయయే కాచెను. దానిని నేను వేరుతో పెరికితిని, అందు విచారింపలేదు.

కాబట్టి అన్నియు తీయుటయు ధర్మము కాదు, అన్నియు వదలుటయు ధర్మము కాదు. చూచి, ఎరిగి, తగినదానిని నిలుపుటయే ధర్మము. అట్లు చూచుట పని. గుంపుగా లేచిన మొలకలలో బలమైనవాటిని నిలిపి తక్కినవి పలుచన చేయుట పని. తీగకు పందిరి, టమాటకు ఊతకట్టె, రోగపు ఆకును తీసి పూడ్చుట, ఇవన్నియు పనులే. విత్తుటలో లేని కాయకము సాకుటలో వచ్చి చేరును. అనగా తానుగా మొలచిన మొక్క కాయకమునకు విరుద్ధమైనది కాదు, కాయకమునకు పిలుపు.

మా పీఠభూమిలో పుష్యమాసపు చలి తక్కువది కాదు. రాత్రివేళ 10 డిగ్రీల సెల్సియసునకు దిగువకు పోవుట అరుదు కాదు. ఆ దినములలో టమాట మొక్క ఎదుగుట మానినట్లే నిలిచెను. ఆకుల అడుగుభాగము ఊదారంగు తిరిగెను. చచ్చినదనుకొంటిని. కాని నాటిన నారు పీకినప్పుడు తల్లివేరు తెగును; మొలచినచోటనే పెరిగిన మొక్కకు తల్లివేరు నేరుగా లోతునకు దిగియుండును. బండనీరు ఉండనే ఉన్నది. సంక్రాంతి దాటి పగటియెండ తిరుగగానే అవి ఒక్కసారిగా పూచినవి. మండువేసవిలో టమాటపూత రాలిపోవును. చల్లని రాత్రులును వెచ్చని పగళ్ళును గల ఆ ఋతువు కాయ నిలుచుటకు అనుకూలమైనది. మాఘము వచ్చుసరికి నేను నాటి పెంచిన మడులకంటె నాటని ఆ మూలయే నిండుగా నుండెను.

ఒక ఉదయమున బుట్టనిండ పండ్లు కోసితిని. గిన్నెలు తోమెడి ఆ తల్లిని పిలిచి, బుట్ట చేతికిచ్చి, “ఇవి నీకే ఇచ్చుచున్నాను, తీసికొనిపొమ్ము” అంటిని. ఆ మాట చెప్పునప్పుడు నా మనస్సు ఎంత ఉబ్బినదో నాకు తెలియును. ఆమె బుట్టవైపు చూచి నవ్వి ఇట్లన్నది: “గిన్ని నాకెందుకు అయ్యగారూ? మొన్నటి సంది కూరకు సరిపోను ఇన్నిన్ని తెంపుకపోతనే ఉన్న. బాగ పండినయి రెండు చెట్టుకే ఉండనియ్యుండ్రి. రాలి పడితేనే గద వచ్చే ఏడు మొలుస్తయి.”

బంధువులారా, ఆ క్షణమున నాలో లేచినది సంతోషము కాదు, కోపము. ‘నన్ను అడుగక తెంచినదా?’ అను కోపము. అది ఒక్క క్షణమే నిలిచెను గాని, ఉన్నమాట చెప్పవలెను గదా. నేను విత్తలేదు. నీరు పోయలేదు. పెరుకబోయిన చేతిని ఆపినది ఆమె. ఆమె కడిగిన నీటితోనే ఆ మొక్క బ్రదికినది. అట్టి మొక్క కాయకు నేను యజమానిని! ఆమె తన కూరకు నాలుగు కాయలు తెంచికొనుట నాకు అపరాధముగా తోచెను. ఆమె చేతిపనివలన పండినదానిని ఆమెకే దానము చేయుట నాకు ఔదార్యముగా తోచెను. నేల నాది అను ఒక్క మాటమీద ఇంత భవనమును నేను కట్టుకొని యుంటిని.

ఆనాటి రాత్రి ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల చరిత్ర జ్ఞప్తికి వచ్చెను. 12వ శతాబ్దమున కల్యాణమున నివసించిన ఈ శరణదంపతుల కాయకము వింతయైనది. కన్నడమున ‘ఆయ్ద అక్కి’ యనగా ఏరిన బియ్యము. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను మారయ్య ఏరి తెచ్చును, లక్కమ్మ వండును, ఇరువురును జంగమదాసోహము గావించి ప్రసాదము స్వీకరింతురు. రాలిన గింజలు! ఎవరును విలువ కట్టనివి, ఎవరి లెక్కలోను లేనివి. వాటిని వంగి ఏరుట వారి కాయకము. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అధికమైనదానిని తిరిగి అచటనే వేసి రమ్మని భర్తను పంపెను.

ఈ చరిత్రను నేను పలుమారులు వింటిని, ఇతరులకు చెప్పితిని. దీనిని ఆశ కూడదను నీతిగా మాత్రమే గ్రహించియుంటిని. ఇప్పుడు ఇందు మరియొక అర్థము కనబడుచున్నది. రాలిన గింజ మారయ్యది కాదు. అయినను అతడు వంగి ఏరుటచేత ఆ పూటకు కావలసినంత అతనిదయ్యెను. అంతకు మించినది అతడు ఏరినను అతనిది కాలేదు. అనగా శ్రమ మనకు హక్కునిచ్చును. కాని అక్కర దానికి హద్దును గీయును. శ్రమయు లేక, అక్కరయు లేక ‘నాది’ అనుట కాయకధర్మమున చెల్లదు. రాలిన గింజయే నేలలో పడి మొలచినప్పుడు ఈ న్యాయము మారునా? మా యింట పూటకు నాలుగు కాయలు తెంచికొనిన ఆ తల్లి, చెట్టున రెండు పండ్లు రాలుటకు విడువుమనిన ఆ తల్లి, లక్కమ్మ కొలతను చదువక యే ఎరిగియున్నది. చదివిన నేను బుట్ట నింపుకొని నిలిచితిని.

దానమునకును దాసోహమునకును గల భేదము ఇచటనే యున్నది. దానమున ఇచ్చువాడు పైన నిలుచును, పుచ్చుకొనువాడు చేయి చాచును. దాసోహమున ‘నేను దాసుడను’ అను భావమే ప్రధానము. తనదానిని ఇచ్చుట కాదు దాసోహము. తన చేతిలోనికి వచ్చినది తనది కాదని ఎరిగి, చేరవలసినచోటికి చేర్చుట. మనము కష్టపడి పండించిన ధాన్యమును ఇచ్చునప్పుడు ఈ భావము నిలుపుకొనుట కష్టము. ‘నా కష్టము’ అను మాట అడ్డు వచ్చును. తానుగా మొలచిన మొక్క విషయమున అట్టి అడ్డు లేదు. అయినను నేను తొట్రుపడితిని. ఇంత సులభమైన పరీక్షలో ఓడినవాడు కఠినమైనదానిలో ఎట్లు గెలుచును? అందుచేతనే దీనిని అల్పమైన ప్రశ్న కాదనుచున్నాను.

ఇక ఆచరణకు సంబంధించిన నాలుగు మాటలు. గృహస్థులు కార్తీకమున పెరడు శుభ్రపరచునప్పుడు మొలచినదానినెల్ల ఒక్కసారిగా గీకివేయక, అది ఏ మొక్కయో ఆకును చూచి తెలిసికొనుట మంచిది. గుర్తింపరానిదానిని తినరాదు. నీరు పారెడి మూలను, గోడవారను, పెంటగుంట అంచును చలికాలమువరకు విడిచిపెట్టవచ్చును. రోగము సోకినదానిని, చేదు కాచినదానిని, పొరుగువాని చేనికి హాని చేయుదానిని జాలిపడక తీసివేయవలెను. కాచినదానిలో ఆ పూటకు కావలసినది తీసికొని, మన యింటి పనిలో చేయి కలిపినవారు అడుగక యే తెంచికొనగలిగినట్లు ఉంచవలెను. అడిగి తీసికొనవలసిన నియమము పెట్టినచో అది మరల దానమే యగును. బాగుగా పండిన రెండు పండ్లను నేలకు విడువవలెను.

మఠముల విషయమున ఇది మరింత తగినది. తుముకూరు సిద్ధగంగామఠమువంటి స్థానములలో వేలాది విద్యార్థులకు నిత్యము దాసోహము జరుగుచున్నది. చిన్న మఠములలోను పర్వదినములందు వందలమంది భుజింతురు. అంతమంది చేతులు, పాత్రలు కడిగిన నీరు ఎచటికో పారుచునే యుండును. ఆ నీరు పారెడిచోట చలికాలమున ఏమి మొలచునో ఒక్కసారి చూచిన యెడల, దాసోహపంక్తిలో కూర్చుండినవారి ఎంగిలినుండియే మరుసటి పంక్తికి కూర లేచుచున్నదని తెలియును. వండినవారిని, వడ్డించినవారిని మనము స్మరింతుము. కడిగినవారిని స్మరించుట తక్కువ. ఆ మొక్క వారి పేరున నిలిచియున్నదనుకొనుడు.

మా పెరటిలోని టమాటలు వేసవియెండలకు వాడిపోయినవి. ఆ తల్లి చెప్పినట్లు మిగుల పండిన పండ్లను కోయక విడిచితిని. అవి రాలి, క్రుళ్ళి, మట్టిలో కలిసినవి. కాలువ ప్రక్కనున్న ఆ జానెడు నేలను నేను ఇప్పుడు పారతో ముట్టను. వానలు వెనుదీసి కార్తీకము వచ్చినప్పుడు అచట ఏదైనను మొలచినచో, అది ఎవరిదని నేను విచారింపబోను. దానికి ఊతకట్టె పాతి, బండ దగ్గర నున్న ఆమెను అడిగి తెంచుకొందును.